ఉగాది నాటి ప్రొద్దుటి భోజనము - ఇంటి పంటతో, పది గంటలకు

నల్లగొండ, మహబూబునగరు మెట్ట ప్రాంతములలో ఉగాది నాటి ఉదయము ఎట్లు గడచునో చదువరులకు తెలియనిది కాదు. తెల్లవారక ముందే వాకిలి ఊడ్చి ముగ్గు వేయుదురు. గడపకు పసుపు రాసి మామిడాకులు కట్టుదురు. కొన్ని ఊళ్లలో మగవారు ఎడ్లను కడిగి, బండ్లు కట్టి గుడి చుట్టును త్రిప్పుదురు. కొత్త కుండలోని పచ్చడి తలకొక గ్లాసు త్రాగుదురు. ఇంతవరకు బాగున్నది. చిక్కంతయు అటు తరువాతనే. భక్షాలు పూర్తియగుసరికి మధ్యాహ్నము రెండు గంటలగును. పరగడుపున పులుపు, చేదు త్రాగిన పిల్లలు ఆకలికి తాళలేక దుకాణములోని పొట్లపు చిరుతిండ్లకు ఎగబడుదురు. తెల్లవారుజామున పొయ్యి ముట్టించిన ఇల్లాలు అందరికిని వడ్డించి, ఎండ దిగిన పిదప చల్లారిన కూడు తినును. ఏడాది మొదటి దినమున ఇంటిలో అందరికంటె ఆలస్యముగ తినునది ఆమెయే.

ఈ వరుసను మార్చుట కష్టము కాదు. కొన్ని పనులు ముందు రాత్రి ముగించి, తక్కిన పనులను ఇంటిలోని వారందరు పంచుకొన్నచో ఆరుగురున్న సంసారము పది గంటలకెల్ల కలిసి కూర్చుండి తినవచ్చును. అటుల తినదగిన వంటలను, వాటి కొలతలను ఇచట వివరించుచున్నాము. ఇచట నల్లగొండ, మహబూబునగరు అన్నప్పుడు పాత జిల్లాలని గ్రహింపగోరెదము. 2016, 2019 సంవత్సరములలో ఏర్పడిన సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలవారికి కూడ ఈ మాటలు వర్తించును.

చైత్రమాసము వచ్చునప్పటికి రైతు ఇంటిలో ఏమేమి ఉండునో ఒకమారు చూడుడు. యాసంగి జొన్న కల్లము దాటి గాదెకు చేరి యుండును. కందులు అంతకు ముందే వచ్చినవి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వైపు యాసంగి పల్లీ అప్పుడే పీకుచుందురు. కొత్త చింతపండు పిక్క తీసి ముద్దలు కట్టుచుందురు. చెట్టున పుల్లమామిడి ఉన్నది, వేపపూత ఉన్నది. కొల్లాపురము తోటలలో కాయ ఇంకను ముదరక పులుపు మీద నుండును. కొనవలసినవి బెల్లము, శనగపప్పు, పోపు దినుసులు మాత్రమే. ఐనను పండుగ అనగానే అంగడికి పోయి మైదాపిండి, డబ్బా నూనెలు, రంగు మిఠాయిలు తెచ్చుటకు చేబదులు పుచ్చుకొనువారు కలరు. విత్తనములకు, ఎరువులకు రూపాయి దాచుకొనవలసిన నెలలలో ఇది తగని ఖర్చు.

వంటలకు ముందు నీటి మాట చెప్పవలసి యున్నది. ఇది వంటలలో చేరిన విషయము కాదని తలపకుడు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతపు బావినీటిలోని ఫ్లోరైడ్ మూలమున పళ్లు గారపట్టి, ఎముకలు వంగిన వారిని ఈ జిల్లాలో ఎరుగనివారు లేరు. త్రాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట గరిష్ఠముగ ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకే ఒప్పవచ్చుననియు మన దేశపు ప్రమాణము. పటిక, సున్నము వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమొకటి నాగపూరులోని నీరి సంస్థవారు 1970లలో రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా ఊళ్లకు నదీజలము వచ్చుచున్నది. అయితే చాల ఇండ్లలో ఒక అలవాటు మిగిలి యున్నది. నల్లా నీరు త్రాగుటకు, బోరు నీరు వంటకు అని విడదీయుదురు. మరుగును గదా, దోషము పోవునని వారి నమ్మకము. ఇది తప్పు. మరగించుటవలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరిన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. అన్నము, పప్పు, పిండి ముద్ద తమలో పీల్చుకొన్న నీరంతయు మన కడుపులోనికే చేరును. కనుక పండుగనాడే కాదు, ఏనాడైనను పప్పు నానవేయుటకు, అన్నము వండుటకు, పిండి తడుపుటకు నదీజలమునే వాడవలెను. నల్లా రాని దినమున ఏ బావినీరు వాడవచ్చునో ముందే తెలిసి యుండుటకు, గ్రామాధికారులు ఊరిలోని బోర్ల నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారిచే పరీక్ష చేయించి, ఆ అంకెలను పంచాయతీ గోడపై వ్రాయించిన మేలు.

ఈ సందర్భముననే చింతపండును గూర్చి ఒక మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బడిపిల్లలకు దినమునకు 10 గ్రాముల చొప్పున 18 దినములు చింతపండు ఇచ్చి చూడగా, మూత్రము ద్వారా ఫ్లోరైడ్ బయటికి పోవుట హెచ్చినట్లు కనుగొని 2002లో ప్రకటించిరి. ఇది చికిత్స కాదు. చెడునీరు త్రాగుచు పులుసు తిన్నంత మాత్రమున లాభము లేదు. కాని మన పులుసులను, పచ్చిపులుసును నాటువంటలని చిన్నచూపు చూడవలసిన పనిలేదని దీనివలన తెలియుచున్నది.

ఇక పచ్చడి. మన వైపు దీనిని పలుచగా, త్రాగుటకు వీలుగా చేయుదురు. ఆరుగురికి కొత్త చింతపండు 50 గ్రాములు, బెల్లము 200 గ్రాములు, పుల్లమామిడికాయ చిన్నది ఒకటి, నలిపిన వేపపూత రెండు చెంచాలు, ఉప్పు చిటికెడు, పచ్చిమిర్చి ఒకటి గాని మిరియాల పొడి గాని, నీరు ఒక లీటరు సరిపోవును. చింతపండును రాత్రియే నానవేసి, తెల్లవారి పిసికి వడకట్టవలెను. బెల్లమును ఆ నీటిలోనే కరగించి మరల ఒకమారు వడకట్టినచో ఇసుక పంటికి తగులదు. మామిడిని సన్నగా తరిగి, వేపపూతను చివర వేయవలెను. ముందే వేసిన చేదు నీటిలోనికి దిగి, పిల్లలు నోట పెట్టనైనను పెట్టరు. పుట్నాలు, కొబ్బరి, అరటిపండు వేయు ఇండ్లు కలవు. వేసిన కడుపుకు కొంత ఆధారముగ నుండును. పులుపు వంటకములను కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో ఉంచరాదు. కొత్తకుండ ఆచారము ఈ విధముగ కూడ మంచిదే. కుండను ముందు దినము నీటితో నింపి ఉంచినచో మట్టివాసన తగ్గును.

వేపపూత కోయుటలో ఈ మధ్య జాగ్రత్త అవసరమైనది. 2021 ప్రాంతమున తెలంగాణములో వేపచెట్లు కొనలనుండి ఎండుకొని వచ్చుట అందరు చూచినదే. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము దీనికి కారణము. ఎండు తగిలిన కొమ్మల నుండి కాక, పచ్చగా నున్న చెట్టు నుండియే పూత తీసుకొనవలెను. మామిడితోట గట్టుమీద, మిరప చేని ప్రక్కన నున్న చెట్టయినచో ఆ చేనికి మందు ఎప్పుడు కొట్టిరో అడిగి తెలిసికొనుడు. పచ్చడికి కోయు మామిడికాయకు కూడ ఇదే నియమము. మందు డబ్బాపై వ్రాసిన గడువు దాటనిదే కాయ కోయరాదు.

భక్షాలు, కొందరి మాటలో పోలెలు. పండుగకు ఇవియే ప్రాణము, ఆలస్యమునకును ఇవియే కారణము. శనగపప్పు అర కిలో, బెల్లము 450 గ్రాములు, గోధుమపిండి 400 గ్రాములు, నూనె గాని నెయ్యి గాని ఒక గిద్దె, యాలకులు ఆరు ఉండవలెను. నారాయణపేట, గద్వాల వైపు కందిపప్పుతో చేయువారు కలరు. ఇంటి కంది ఉన్నప్పుడు శనగపప్పు కొననక్కరలేదు. కందిపప్పుకు పురుగు పట్టకుండ ఆముదము రాచి నిలువ చేయుట మన ఆముదపు సీమలో వాడుక. అట్టి పప్పును వేడినీటితో రెండు మూడు మార్లు బాగుగ కడుగవలెను, లేనిచో పూర్ణమునకు వాసన పట్టును.

పప్పును రెండు గంటలు నానవేసి, నాలుగింతల నీటిలో ఉడికించుడు. రెండు వ్రేళ్ల నడుమ నొక్కిన పిండి కావలెను గాని చెదరి గంజి కాకూడదు. ఇక్కడనే చాలమంది పొరపడుదురు. మిక్కిలి ఉడికిన పప్పు నీరు విడువదు; పూర్ణము జారుగ నుండి భక్షము పెనము మీద పగులును. ఉడికిన పప్పును జల్లెడలో వేసి నీరంతయు వార్చి, ఆ కట్టును దాచవలెను. పప్పులో తరిగిన బెల్లము వేసి సన్నసెగ మీద కలుపుచు, గరిటె నిలువుగ నిలుచునంత గట్టిపడు వరకు ఉంచి దింపి, యాలకుల పొడి చేర్చి మెత్తగా రుబ్బవలెను. ఈ పని ముందు రాత్రియే ముగించవచ్చును. బెల్లము బాగుగ ఉడికి గట్టిపడిన పూర్ణము గుడ్డ కప్పి చల్లని చోట ఉంచినచో తెల్లవారువరకు చెడదు.

మైదాతో చేసిననే భక్షాలు మెత్తగా వచ్చునని పట్టణపు మాట. గోధుమపిండిని సన్నని గుడ్డలో జల్లించి, చేతికి అంటునంత మెత్తగా తడిపి, పైన నూనె రాచి రెండు గంటలు నాననిచ్చిన అంత మెత్తదనమే వచ్చును. తొందరపడి అరగంటకే మొదలిడువారికి చిరుగును, అప్పుడు తప్పంతయు పిండిమీద వేయుదురు. నిమ్మకాయంత పిండి ముద్దలో దానికి కొంచెము పెద్దదైన పూర్ణపు ముద్దను మూసి, నూనె రాచిన ఆకుమీద చేతితో తట్టి, పెనము మీద రెండు వైపుల కాల్చవలెను. ఇరువది వరకు వచ్చును. ఒకరు తట్టుచుండ ఒకరు కాల్చినచో గంటలోపు ముగియును. ఒక్కరే చేసినచో రెండు గంటలు. మధ్యాహ్నము రెండు గంటలగుటకు కారణము భక్షము కాదు, పొయ్యి దగ్గర రెండవ చేయి లేకపోవుటయే.

దాచిన కట్టుతో చారు కాచుడు. నిమ్మకాయంత చింతపండు రసము, చెంచెడు పూర్ణము, పసుపు, కారము, ధనియాల పొడి, ఉప్పు వేసి పొంగువచ్చు వరకు కాచి, ఆవాలు, జీలకర్ర, కరివేపాకుతో పోపు పెట్టిన చాలును. పప్పులోని సత్తువ కొంత ఈ నీటిలో దిగి యుండును. దానిని పారబోయువారిని చూచినప్పుడు మాకు బాధ కలుగును. అయితే చైత్రపు ఎండకు ఈ చారు సాయంకాలమునకే పులియును. కనుక ఉదయమే త్రాగి ముగింపవలెను.

మామిడికాయ పులిహోరకు శ్రమ తక్కువ. అర కిలో బియ్యమును పొడిపొడిగ వండి, వెడల్పు పళ్లెములో ఆరబోసి, పసుపు, రెండు చెంచాల ఉప్పు, చెంచెడు నూనె కలిపి ఉంచవలెను. పల్లీలు 75 గ్రాములు, శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి ఆరు, కరివేపాకు నాలుగు చెంచాల నూనెలో గోలించి, మామిడి తురుము పావు కిలోలో సగము అందులో వేసి ఒక్క నిమిషము మగ్గనిచ్చి అన్నమున కలపవలెను. మిగిలిన సగమును పచ్చిదిగానే చివర కలుపుడు. మామిడిలోని సి విటమిను వేడికి నశించును గనుక ఇట్లు చేసిన రుచియు, సత్తువయు రెండును దక్కును.

తీపి, పులుపు అయినవి. కడుపు నిండుటకు జొన్నరొట్టె కావలెను. పండుగనాడు రొట్టె ఏమిటి, అన్నముండగా, అని కొందరు నొసలు చిట్లింతురు. ఒకప్పుడు పండుగకే వరి అన్నము తిన్న సీమలో ఇప్పుడు జొన్నరొట్టె కొని తినవలసిన దినములు వచ్చినవి. చేలన్నియు పత్తి ఆక్రమించిన ఊళ్లలో ఇంటికి చాలినంత జొన్న వేయువారు తక్కువ. 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ ప్రపంచమంతయు జరుపుకొన్నది. మన ఇంటి గింజను మనము ఉగాది పంక్తిలో వడ్డించుటకు సిగ్గుపడ నక్కరలేదు. జొన్న, ఆముదము పంటలపై నాగర్‌కర్నూలు జిల్లా పాలెములోని పరిశోధన కేంద్రమువారు పనిచేయుచున్నారు. ఇంటి తిండికై ఎకరమో అర ఎకరమో వేయదలచిన వారు రకములను గూర్చి అచట అడుగవచ్చును.

జొన్నను గూర్చి నిజము రెండు వైపుల చెప్పవలెను. జొన్న తప్ప వేరు తిండి లేని పేదలకు మెడమీద, చేతులమీద ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పొలుసులు రేగు పెలగ్రా వ్యాధి వచ్చుచుండుటను హైదరాబాదులోని పోషకాహార శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకాంతియా పరిశీలించి 1960లో ప్రకటించిరి. ఫ్లోరైడ్ నీరు త్రాగువారిలో జొన్న తిండివలన అది శరీరమున ఎక్కువగ నిలుచునని 1970లలో అదే సంస్థలో తేలినది. దీనిని చదివి జొన్న చెడ్డదని తీర్మానించుట తొందరపాటు. మొదటి దోషము ఒంటరి తిండిది, రెండవది నీటిది. జొన్నరొట్టెతో పల్లీ పచ్చడి, పప్పు, పెరుగు చేరినచో పెలగ్రాకు తావులేదు. పల్లీలో ఆ వ్యాధిని అడ్డు విటమిను మెండుగ నున్నది. రొట్టెకు పల్లీ పచ్చడి జతగా కుదిర్చిన పెద్దవారు విటమినుల పేర్లు ఎరుగరు గాని జత మాత్రము చక్కగ కుదిర్చిరి.

రొట్టె విరుగుటకు సాధారణముగ కారణము పాతపిండి. పండుగకు రెండు దినముల ముందు పట్టించిన పిండియే వాడుడు. అర కిలో పిండిలో సగమునకు మరుగు నీరు పోసి, చల్లారిన పిదప మిగిలిన పిండితో అరచేతితో గట్టిగా పిసుకవలెను. ఎంత పిసికిన అంత సాగును. పీటమీద పొడిపిండి చల్లి తట్టి, పెనము మీద వేసి, పై వైపున తడిగుడ్డతో తుడిచి త్రిప్పవలెను. పచ్చడికి పల్లీలు 150 గ్రాములు గోలించి, పచ్చిమిర్చి, కొంచెము చింతపండు, జీలకర్ర, ఎల్లిగడ్డ వేసి నూరుడు. బూజు పట్టినవి, ముడుచుకొన్నవి, రంగు మారినవి, నోటికి చేదైనవి అగు గింజలను తప్పక ఏరి పారవేయవలెను. బూజు పట్టిన పల్లీలో పుట్టు ఆఫ్లటాక్సిను అను విషము కాలేయమును చెరచును, అది వేపుటతో పోదు. ఏరిన గింజలను పశువులకును వేయరాదు. పాల ద్వారా మరల మన ఇంటికే వచ్చును.

తీరిక ఉన్నచో సర్వపిండి చేయవచ్చును. కొన్ని ఊళ్లలో దీనిని తపాలచెక్క అందురు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీ ముక్కలు, నానిన శనగపప్పు, సొరకాయ తురుము, కారము, ఉప్పు కలిపి, నూనె రాచిన సర్వ అడుగున వత్తి, వ్రేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి మూతపెట్టి సన్నసెగన కాల్చుటయే. పచ్చిపులుసుకు పొయ్యియే అక్కరలేదు. చింతపండు రసములో కాల్చిన మిర్చి, ఉల్లిగడ్డ, నువ్వుల పొడి, ఉప్పు, కొత్తిమీర కలిపిన చాలును.

పనుల పంపకము ఇట్లు పెట్టుకొన్నచో బాగుండును. ముందు రాత్రి పూర్ణము రుబ్బుట, చింతపండు నానవేయుట, పల్లీలు ఏరి గోలించుట, మంచినీరు పట్టి మూతపెట్టుట ముగించవలెను. తెల్లవారి ఐదు గంటలకు గోధుమపిండి తడిపి నాననిడుట. అన్నము, కట్టుచారు ఆరున్నరకు పొయ్యి దిగవలెను. వేపపూత దులుపుట, మామిడి తురుముట పెద్దపిల్లల పని. ఎడ్లను కడిగి వచ్చిన మగవారు భక్షములు కాల్చుటకు కూర్చుండవచ్చును. పెళ్లిళ్లలో గుండిగలు దింపు చేతులకు పెనము మీద భక్షము త్రిప్పుట అసాధ్యము కాదు. ఎనిమిదికి పచ్చడి, వెంటనే పిల్లలకు చెరియొక రొట్టెముక్క, పెరుగు ఇచ్చినచో వారు పది వరకు ఆగగలరు. ఐదేండ్ల లోపు పిల్లలకు పల్లీ, శనగపప్పు గింజలు పొరపోయి ఊపిరి తగులు ప్రమాదమున్నది గనుక వారి పులిహోరలో గింజలు ఏరి, పచ్చడి రూపముననే పల్లీ పెట్టవలెను. మధుమేహమున్న పెద్దలకు భక్షము సగము, రొట్టె ఒకటి, పచ్చిపులుసు నిండుగ వడ్డించుడు. ఒక్క భక్షమునైనను రుచి చూడనీయకపోయిన పండుగనాడు వారి మనసు నొచ్చును, చాటున రెండు తిని వచ్చెదరు.

మిగిలిన భక్షములను వేడి చల్లారకమునుపే ఒకదానిపై నొకటి పేర్చినచో చెమ్మపట్టి మరునాటికి బూజు వచ్చును. విడివిడిగ ఆరబెట్టి, గుడ్డ పరచిన వెదురు తట్టలో నుంచి, మరునాడు పొడి పెనముమీద వేడిచేసి పొలమునకు పంపవచ్చును. మిగిలిన పులిహోరను మాత్రము ఆ రాత్రికి మించి ఉంచరాదు.